బాదం చెట్టు పడిన వైపు

మామూలు మాటల్లో వడికీ వేగానికీ తేడా లేదు. "వడివడిగా నడు" అన్నా, మా విశాఖ వైపు "బేగి రా" అన్నా తొందరే. భౌతికశాస్త్రం పుస్తకం మాత్రం ఈ రెంటినీ విడదీసింది: దిక్కు ఉన్నది వేగం, దిక్కులేనిది వడి. (పాపం వడి!) స్థానభ్రంశం ఇంకా విచిత్రమైన మాట. భ్రంశం అంటే జారిపోవడం, పడిపోవడం. మతిభ్రంశం పక్కన కూర్చోవాల్సిన మాట. బల్లమీద పెన్సిల్ని జానెడు జరిపితే అంత పెద్ద పేరెందుకో!

తొమ్మిదో తరగతి చదివే మా మేనకోడలికి ఈ ఇబ్బంది లేదు. ఇంగ్లీషు మీడియం, నిర్వచనాలన్నీ కంఠతా వచ్చు. సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచొచ్చి కాళ్ళు చాపుకున్న మా అమ్మతో, "అమ్మమ్మా, బయల్దేరిన చోటికే వచ్చావు కదా, నీ డిస్‌ప్లేస్‌మెంట్ సున్నా. యావరేజ్ వెలాసిటీ కూడా సున్నా" అంది.

"సున్నా ఏటే? నా కాళ్ళనడుగు!"

లెక్క పిల్లదే రైటు. కాళ్ళు చెప్పేది దూరం సంగతి. అది వేరే ప్రశ్న. కానీ ఆ తర్వాత పిల్ల అడిగింది అసలైన ప్రశ్న: "అయితే మామయ్యా, ఈ దిక్కు గొడవంతా ఎందుకు? స్పీడు చాలదా?"

పుస్తకంలో దీనికి కార్లూ రైళ్ళూ ఉంటాయి. నాకు హుద్‌హుద్ తప్ప ఇంకేదీ తోచలేదు. 2014 అక్టోబరు 12. అప్పటికి దానికి మూడేళ్ళు, ఏమీ గుర్తులేదు. తుఫాను హెచ్చరికలో గంటకిన్ని కిలోమీటర్లు అని ఊరుకోరు, వాయవ్యంగానా, పడమరగానా అని కూడా చెబుతారు. తీరంలో ఉన్నవాడికి ఆ రెండో మాటే ప్రాణం. పైగా అక్కడ వేగాలు రెండు. తుఫాను మొత్తంగా నేలవైపు జరిగేది నింపాదిగానే, సైకిలు మీద వెళ్ళినట్టు. దాని చుట్టూ సుడి తిరిగే గాలి మాత్రం గంటకి దాదాపు 180 కిలోమీటర్లు. అది కూడా ప్రదక్షిణే, కాకపోతే అప్రదక్షిణంగా: మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది.

పొద్దున్నించీ ఈశాన్యం నుంచి కొట్టింది. తర్వాత తుఫాను కన్ను మా మీదికొచ్చి ఒక్కసారిగా నిశ్శబ్దం. అయిపోయిందనుకుని జనం వీధుల్లోకొచ్చారు. కాసేపటికి మళ్ళీ మొదలైంది, ఈసారి నైరుతి నుంచి. వడి దాదాపు అంతే. వేగం పూర్తిగా తిరగబడింది. ఇటువైపు గాలిని ఆపిన గోడ అటువైపు గాలికి అడ్డం కాలేదు.

పిల్ల నోట్సులో ఎదురెదురుగా రెండు బాణాలు గీసింది. సమానం అనుకుని కూడింది. సున్నా వచ్చింది. పెన్సిలు నోట్లో పెట్టుకుని కొంచెంసేపు దాన్నే చూసింది.

"మన బాదం చెట్టు ఏ గాలికి పడింది?"

"రెండోదానికి," అంది అమ్మ లోపల్నించి. "మొదటిదానికే వేళ్ళు వదులైపోయాయి."