బావ టర్కీ, మా చేలో కౌజు

మా బావ అమెరికాలో, జార్జియాలో ఉంటాడు. ఏడాదంతా సాఫ్ట్‌వేర్, ఏప్రిల్ వస్తే మాత్రం అడవి టర్కీ కోళ్ల వేట. ఆయనా, ఇంకో పదిహేను మందీ క్లబ్బుగా చేరి ఒక కలప కంపెనీ భూమిని లీజుకి తీసుకున్నారు. గేటు దగ్గర మ్యాప్ ఉంటుందట. ఎవరు ఏ మూల కూర్చుంటారో అక్కడ పిన్ను గుచ్చి మరీ లోపలికెళ్లాలి. లేకపోతే ఒకడి తూటా ఇంకొకడికి తగుల్తుంది.

తెల్లారకముందే చెట్టుకి వీపు ఆనించి కూర్చుంటాడు. చిన్న పలక మీద పుల్లతో గీస్తే ఆడ టర్కీ పిలిచినట్టే చప్పుడొస్తుంది. అది విని మగది గొంతు చించుకుంటూ వస్తుంది. ఓసారి రెండు గంటలు బొమ్మలా కూర్చుని, చివర్లో ముక్కు గోక్కున్నాడట. అంతే, పిట్ట మాయం. ఆ బాధంతా నాకు వాయిస్ మెసేజ్.

నాకు నచ్చింది వేట కాదు, దాని వెనక లెక్క. లీజు ఎంత కట్టినా జార్జియాలో ఒక మనిషికి సీజన్‌కి రెండే, అవీ మగవే. లీజుతో కొనుక్కునేది ఆ నేల మీద తిరిగే హక్కు మాత్రమే. పిట్ట జనం ఆస్తి, దాని తరఫున కాపలా రాష్ట్రానిది. కొట్టింది ఫోన్‌లో నమోదు చెయ్యాలి, మాంసం అమ్మకూడదు. 1930ల నాటికి ఈ పక్షి అక్కడ చాలా రాష్ట్రాల్లో కనబడకుండా పోయింది. 1937లో చట్టం చేసి తుపాకులు, తూటాల మీద వచ్చే పన్నుని వన్యప్రాణుల కోసం మళ్లించారు. ఫారాల్లో పెంచి వదిలినవి బతకలేదు. అందుకని అడవి పక్షుల్నే వలేసి పట్టి ఖాళీ అడవుల్లో వదిలారు. ఇప్పుడు 60 లక్షల దాకా ఉన్నాయి.

"ఒరే, మన చేలో కౌజులున్నాయేటి? ఈసారొచ్చినప్పుడు రెండు కొడదాం. తాతయ్య కొట్టేవోడు కదా" అన్నాడు మొన్న వీడియో కాల్‌లో.

"జైలుకెళ్తాం బావా" అన్నాను. 1972 వన్యప్రాణి చట్టాన్ని 1991లో సవరించాక మన దగ్గర సీజన్ లేదు, లైసెన్సు వేట లేదు. తాతయ్య కాలం వేరు.

అలాగని మనవైపు వసంతంలో వేట లేదనుకోకండి. మా చోడవరం నుంచి మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కితే పాడేరు. 2022లో జిల్లాలు విడిపోయాయి గానీ అప్పటిదాకా అందరం విశాఖ జిల్లావాళ్లమే. చైత్రంలో అక్కడ ఇటుకల పండగ. విత్తనాలకి పూజ, థింసా, కొత్త మామిడికాయ, మగవాళ్లకి అడవిలో వేట. దొరికింది ఇంటింటికీ వాటా. ఖాళీ చేతుల్తో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి పాటలు కట్టి ఏడిపిస్తారు. ఈలోగా వాళ్లు రోడ్డుకి కర్ర అడ్డం పెట్టి వచ్చేపోయే బళ్లని ఆపుతారు. నా బండికి మూడు చోట్ల గేటు పడింది. ఇరవై ఇస్తే "అంతేనా?" అన్నారు.

అక్కడి నా డిగ్రీ ఫ్రెండ్ ఇంట్లో బావ ఫొటోలు చూపించాను. వాళ్ల ఊళ్లో వేట ఇప్పుడు ఆచారానికి మాత్రమేనట, అడవికెళ్లి ఊరికే తిరిగొస్తారు. లీజు సంగతి విని వాడు నవ్వలేదు.

"మా తాతలు పుట్టిన అడవిరా ఇది. దీనికి మేం లీజు ఎవరికి కట్టాల?"

2006 అటవీ హక్కుల చట్టం వాళ్ల భూమికీ, తేనెకీ, వెదురుకీ హక్కిచ్చింది. వేటని మాత్రం పేరు పెట్టి మరీ పక్కన పెట్టింది. వాడి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. కానీ "అడవిని తినేసింది ఏజెన్సీవాళ్లే" అనే మా కిందివాళ్ల మాట విన్నప్పుడల్లా మాత్రం ఒళ్లు మండుతుంది. ఎందుకంటే మా పల్లంలో జరిగేది నాకు తెలుసు.

చెరకు కొట్టేశాక చేలు బోసిగా ఉంటాయి, కౌజులకి దాక్కునే చోటు తక్కువ. గట్టు మీద పంజరంలో పెంపుడు కౌజుని పెట్టి చుట్టూ ఉచ్చులు పన్నుతారు. అది కూస్తుంది. నా జాగాలోకి ఎవడొచ్చాడని అడవి కౌజు కొట్లాటకి పరిగెత్తుకొస్తుంది. బావ టర్కీ ప్రేమ కోసం వస్తుంది, మాది రోషంతో వస్తుంది. తేడా ఏంటంటే ఈ ఉచ్చుకి మగా ఆడా తెలీదు, రెండు చాలు అన్న లెక్కా లేదు. జత ఇంత అని అమ్ముకోడమే.

మార్చిలో మా గట్టు మీద పదకొండు ఉచ్చులు దొరికాయి. నేనూ నాన్నా కోసి పారేశాం. పెట్టింది మాకు తెలిసినాయనే, నేను మావా అని పిలిచే మనిషి. సాయంత్రం ఇంటికొచ్చాడు.

"చేను మీదే. పిట్ట కూడా మీదేనేటి?"

"మాది కాదు మావా. నీదీ కాదు" అన్నాను.

నాన్న మధ్యలోకొచ్చి టీ తాగమన్నాడు. ఆయన తాగలేదు. అప్పట్నుంచి మాతో మాటల్లేవు, మా అక్క పెళ్లికి కూడా రాలేదు. మొన్న పొద్దున కాలవ గట్టు అవతల ఇంకో నాలుగు ఉచ్చులు కనబడితే అవి కూడా కోసేశాను.