పిల్లలకు స్టడీ బైబిల్ కొనేముందు

ఇక్కడ అమెరికాలో హైస్కూల్ పూర్తిచేసి కాలేజీకి వెళ్ళే పిల్లలకు బైబిల్ బహుమతిగా ఇవ్వడం మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో మామూలే. ఇచ్చేది ఎక్కువగా ఇంగ్లిష్ స్టడీ బైబిలే. పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చినా, మన ఇళ్ళలో ఉన్న పాత అనువాదంలోని గ్రాంథిక భాష కొరుకుడు పడదు. స్టడీ బైబిల్ అయితే పైన వాక్యం, కింద వివరణ ఉంటాయి. చర్చిలో అడగడానికి మొహమాటపడే ప్రశ్నలకు అక్కడ జవాబు దొరుకుతుంది.

ఆ జవాబు ఎవరు రాశారన్నది మాత్రం మనం పెద్దగా చూడం. మా అమ్మాయికి నిరుడు స్నేహితులు మంచి పేరున్న ఒక స్టడీ బైబిల్ ఇచ్చారు. తను శ్రద్ధగా చదివింది. ఒక రోజు నా దగ్గరకొచ్చి, "అమ్మా, అన్యభాషలు అపొస్తలుల కాలంతోనే ఆగిపోయాయని ఇందులో రాశారు. మరి అమ్మమ్మ ప్రార్థనలో మాట్లాడేదేమిటి?" అని అడిగింది.

మా అమ్మ తెనాలిలో ఉంటుంది. తెల్లవారకముందే లేచి ప్రార్థన చేసుకుంటుంది. సెలవులకు వెళ్ళినప్పుడల్లా ఆ గొంతు వింటూ నిద్రలేచిన పిల్ల ఇది. అయితే అమ్మమ్మ లేనిది ఉన్నట్టు చేస్తోంది, లేకపోతే బైబిల్ తప్పు చెబుతోంది. తనకు ఈ రెండు దారులే కనబడ్డాయి. నిజానికి ఆ మాట అన్నది వాక్యం కాదు, వాక్యం కింద వివరణ రాసినవారు. ఒకే పేజీలో, ఒకే అట్టల మధ్య అచ్చయ్యేసరికి రెండూ ఒకే అధికారంతో పలుకుతున్నట్టు అనిపిస్తాయి.

ఈ చిక్కు పెంతెకొస్తు వారికి పాతదే. స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిల్ 1909లో వచ్చింది. లాస్ ఏంజిలస్‌లో అజుసా వీధి ఉజ్జీవం 1906లో మొదలైంది. ఆ ఉజ్జీవపు సంఘాలవాళ్ళు కూడా చాలామంది చేతబట్టుకున్నది స్కోఫీల్డ్‌నే. రెండవ రాకడ గురించిన వివరణలు వాళ్ళకు నచ్చాయి, ఆత్మవరాల దగ్గర మాత్రం వాళ్ళ అనుభవం ఒకటి, పేజీ చెప్పేది మరొకటి. ఈ కాలంలో జాన్ మెకార్థర్ పేరుతో 1997లో వచ్చిన స్టడీ బైబిల్ కూడా అన్యభాషల వరం నిలిచిపోయిందనే పక్షానిదే. ఆ పక్షంలో లోతుగా చదువుకున్నవాళ్ళు, దేవుణ్ణి ప్రేమించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పుస్తకం చదవకూడదని నేను అనను. ఎవరి పుస్తకమో తెలిసి చదవాలంటాను.

పెంతెకొస్తు దృష్టితో రాసినవి కావాలంటే ముఖ్యంగా రెండు కనిపిస్తాయి. ఒకటి ఫైర్ బైబిల్. మొదట్లో దీని పేరు ఫుల్ లైఫ్ స్టడీ బైబిల్. బ్రెజిల్‌లో మిషనరీగా పనిచేసిన డొనాల్డ్ స్టాంప్స్, అక్కడి పాస్టర్లకు వ్యాఖ్యాన గ్రంథాలు అందుబాటులో లేకపోవడం చూసి ఈ పనికి పూనుకున్నారు. కొత్త నిబంధన 1990లో, పూర్తి బైబిల్ 1992లో వచ్చాయి. పరిశుద్ధాత్మ బాప్తిస్మం, స్వస్థత, రాకడ వంటి అంశాలు వచ్చినచోట పేజీ అంచులో చిన్న గుర్తులుంటాయి. మధ్యమధ్య పెద్ద వ్యాసాలుంటాయి. పరిశుద్ధ జీవితం గురించి గట్టిగా, నిక్కచ్చిగా మాట్లాడుతుంది. మన ఊళ్ళలో పాస్టరుగారు ఆదివారం చెప్పే ప్రసంగానికి దగ్గరగా ఉంటుంది.

రెండోది స్పిరిట్ ఫిల్డ్ లైఫ్ బైబిల్. ఫోర్‌స్క్వేర్ సంఘానికి చెందిన జాక్ హేఫర్డ్ ప్రధాన సంపాదకుడిగా 1991లో వచ్చింది. న్యూ కింగ్ జేమ్స్ అనువాదంతో మొదలైంది. హెబ్రీ, గ్రీకు మాటల అర్థాలు వివరించే చిన్న పెట్టెలు ఇందులో బాగుంటాయి. పెంతెకొస్తు వారితోపాటు ఇతర సంఘాల్లో ఆత్మవరాలను నమ్మేవారినీ దృష్టిలో పెట్టుకుంది కాబట్టి దీని స్వరం కొంచెం విశాలం.

మూడో పేరు డేక్ బైబిల్. దీన్ని కళ్ళకద్దుకునే బోధకులు చాలామంది ఉన్నారు. పెంతెకొస్తు సేవకుడు ఫినిస్ డేక్ ఒక్కడే కూర్చుని రాసిన వివరణలతో 1963లో పూర్తి బైబిల్‌గా వచ్చింది. అందులో అపొస్తలుల కార్యములు 17:26 దగ్గర, జాతులు వేరువేరుగా ఉండాలంటూ 30 కారణాల జాబితా ఉండేది. తర్వాతి ముద్రణల్లో దాన్ని తీసేశారు. పౌలు ఏథెన్సులో మనుషులందరూ ఒక్కడి నుంచే పుట్టారని చెప్పిన వచనం అది. అజుసా వీధి ఉజ్జీవాన్ని నడిపించిన విలియం సీమోర్ బానిసత్వం నుంచి బయటపడ్డ తల్లిదండ్రుల బిడ్డ. ఆయన చర్చిలో నల్లవారూ తెల్లవారూ పక్కపక్కన మోకరించారు. ఆ ఉజ్జీవపు వారసత్వంలోనే ఇలాంటి జాబితా అచ్చయింది. రంగు చూసి మనుషులను వేరుచేయడం ఏమిటో ఈ దేశంలో పెరిగే మన పిల్లలకు చెప్పక్కర్లేదు. అట్ట మీద మన సంఘం పేరున్నంత మాత్రాన లోపలిదంతా ఒప్పుకోనవసరం లేదని మా అమ్మాయికి ఈ ఉదాహరణే చెప్పాను.

కొనేముందు మేమిద్దరం పుస్తకాల షాపులో నేల మీద కూర్చుని కొన్ని భాగాలు పోల్చి చూశాం. మీకూ పనికొస్తాయేమో.

మొదటిది అపొస్తలుల కార్యములు 8:14-17, 19:1-6. సమరయలో, ఎఫెసులో విశ్వాసులు ఆత్మను పొందిన సందర్భాలివి. తిరిగి జన్మించడం, ఆత్మ బాప్తిస్మం వేరువేరు అనుభవాలా కావా అన్నది ఇక్కడ తేలిపోతుంది. రెండోది 1 కొరింథీయులకు 13:8-10. పూర్ణమైనది వచ్చినప్పుడు అంటే క్రీస్తు రాకడా, కొత్త నిబంధన పూర్తవడమా? మూడోది అదే పత్రిక 14వ అధ్యాయం. అర్థం చెప్పేవారు లేకపోతే సంఘంలో మౌనంగా ఉండమన్న మాటను కూడా నిజాయితీగా వివరించిందా, దాటేసిందా?

నాలుగోది మార్కు 16:9-20. పాత చేతిరాత ప్రతుల్లో కొన్నిటిలో ఈ వచనాలు లేవన్న సంగతి పిల్లలకు కాలేజీలో ఎలాగూ తెలుస్తుంది. ముందే చెప్పే పుస్తకం మేలు. ఐదోది యాకోబు 5:14-15. నూనె రాసి ప్రార్థించమన్న చోట మందుల సంగతి ఏమంటుంది? షుగర్ మాత్రలు మానేసి విశ్వాసం చూపించమనే బోధ మన మధ్య ఇంకా ఉంది కాబట్టి ఇది ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న. ఆరోది 3 యోహాను రెండో వచనం. ఉత్తరం మొదట్లో ఒక పెద్దాయన క్షేమం కోరుతూ రాసిన మాటను డబ్బు వాగ్దానంగా మార్చిందేమో చూడండి.

ఆరు చోట్లా చూసేసరికి గంట పట్టింది. మా అమ్మాయి ఫైర్ బైబిల్ ఎంచుకుంది, ఈఎస్‌వీ అనువాదంలో. స్నేహితులిచ్చిన దాన్ని కూడా ఉంచుకుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఎక్కడ అందరూ ఏకీభవిస్తారో, ఎక్కడ విడిపోతారో తెలుస్తుందని తన ఉద్దేశం. విడిపోయిన చోట పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెడుతోంది.

తర్వాతి ఆదివారం తనే అమ్మమ్మకు వీడియో కాల్ చేసి, అర్థం చెప్పేవారు లేకపోతే మౌనంగా ఉండాలట కదా అని అడిగింది. మా అమ్మ కళ్ళద్దాలు తెచ్చుకుని, తన పాత బైబిల్ తీసి ఆ వచనం చివరిదాకా చదివింది. "తనతోను దేవునితోను మాట్లాడుకోవచ్చని కూడా ఉంది కదమ్మా. అందుకేగా మీరెవరూ లేవకముందే లేస్తాను" అంది. ఇంతసేపూ పిల్ల చేతిలో రెండు స్టడీ బైబిళ్ళున్నాయి. అమ్మ చేతిలో ఉన్నదానికి వివరణే లేదు.

అందుకే కొనబోయేవారికి నేను చెప్పేది ఇంతే. అధ్యాయాలు, వచనాల అంకెలు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ దాదాపు ఒకటే కాబట్టి, కొత్త స్టడీ బైబిల్‌తోపాటు ఇంట్లోని తెలుగు బైబిల్ కూడా తెరిచి ఉంచండి. ముందు వాక్యం రెండుసార్లు చదివించండి. ఆ తర్వాతే కిందికి చూడనివ్వండి. వారానికి ఒక ప్రశ్న గుర్తునైనా ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళకు ఫోన్ చేసి అడగమనండి.