పాత బుక్కు మీద పెన్సిల్ తేదీ

పోస్ట్ కొంచెం పెద్దగుంటది, ఓపికతో చదవండి.

మాది లక్డారం దగ్గర తండా. మా బా కంకర క్రషర్ల పనిచేస్తడు. మా ఇంట్ల కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. ఇప్పుడు హాస్టల్‌లో ఉండి డిగ్రీ కంప్యూటర్స్ చదువుతున్న.

పోయిన నెల పటాన్‌చెరు దిక్కు ఒక ఫ్యాక్టరీకి ఇంటర్వ్యూకి పోయిన. ఆఫీసు కంప్యూటర్లు చూసుకునే ట్రైనీ పని. "కంపెనీ కంప్యూటర్లకు విండోస్ అప్‌డేట్లు ఏ పద్ధతిల ఇస్తరు?" అని సార్ అడిగిండు. నేను టకటకా "కరెంట్ బ్రాంచ్ ఫర్ బిజినెస్" అన్న. సార్ నవ్విండు. "ఆ పేరు పోయి ఏండ్లయిందమ్మా, ఏ బుక్కు చదివినవ్?" అన్నడు. పని రాలేదు.

ఆ బుక్కు మా హాస్టల్ అల్మారాలది, 2016లో అచ్చయింది. సీనియర్లు చదివి వదిలిపోయిండ్రు. తర్వాత కూసోని వెతికితే అర్థమైంది, బుక్కు అబద్ధం చెప్పలేదు. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు ఆ పేరే ఉండె. 2017లో దాన్ని సెమీ యాన్యువల్ ఛానల్ అన్నరు. 2021లో జనరల్ అవెయిలబిలిటీ ఛానల్ అన్నరు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టే అయిపోయింది. బుక్కు మాత్రం 2016లోనే ఆగింది.

'కరెంట్' అనే మాటనే చూడండి. నోడ్ జేఎస్‌లో కరెంట్ అంటే అన్నిటికన్నా కొత్త వెర్షన్. డాట్‌నెట్‌లో కరెంట్ అంటే తక్కువ కాలం సపోర్ట్ ఉండేది. 2022లో దాని పేరు స్టాండర్డ్ టర్మ్ సపోర్ట్ అని మార్చిండ్రు. మా తండాల కరెంట్ లెక్కనే, ఎప్పుడుంటదో ఎప్పుడు పోతదో తెల్వదు.

ఇంటికి పోయి మా బాకు చెప్పిన. "కంకరకు ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్తరు బిడ్డా. మేం పేరు చూడం. జాలీల పోస్తే ఎన్ని ఎంఎందో అదే తెలుస్తది" అన్నడు. నాకు అక్కడ దారి దొరికింది. పేరు బట్టీ పట్టుడు కాదు, సపోర్ట్ ఏ తేదీ దాకా అన్నది చూడాలె.

తేదీ కూడా మారుతది. పైథాన్ 2.7కు మొదలు 2015 దాకా అన్నరు. 2014లో దాన్ని 2020 దాకా పొడిగించిండ్రు. 2020 జనవరి 1తో ఆపిండ్రు. అందుకే తేదీతో పాటు మనం చూసిన రోజు కూడా రాసుకోవాలె.

ఇప్పుడు మా రూమ్‌ల ప్రతి కంప్యూటర్ బుక్కు మొదటి పేజీ మీద పెన్సిల్‌తో మూడు ముక్కలు రాస్తున్నం: ఏ వెర్షన్ గురించి ఉన్నది, సపోర్ట్ ఎప్పటిదాకా, మేం చూసిన తేదీ. ఆ వివరాలు సాఫ్ట్‌వేర్ తయారుచేసినోళ్ల సొంత సైట్‌లనే చూస్తం. పెన్సిల్ ఎందుకంటే, మళ్ల చెరిపి రాయాలె కదా.

పాత బుక్కులు పారేయమని నేను అనట్లే. లూపులు, బైనరీ లెక్కలు, డేటాబేస్ టేబుళ్లు కలిపే పద్ధతి 2016లో ఎట్లున్నయో ఇప్పుడూ అట్లనే ఉన్నయి. మారేది వెర్షన్లు, పేర్లు, స్క్రీన్ బొమ్మలు. ఆ పేజీల దగ్గరనే గుర్తు పెట్టండి.

కొందరికి ఇంట్ల సాఫ్ట్‌వేర్ల పనిచేసే అన్ననో మామనో ఉంటడు, "అరే, అది పాతది" అని చెప్తడు. మనకు సీనియర్ వదిలిన బుక్కే అన్న. సీనియర్ అన్నలు, అక్కలు, హాస్టల్ ఖాళీ చేసి పోయేముందు మీ బుక్కుల మీద ఆ మూడు ముక్కలు రాసి పోండి. మీకు పది నిమిషాల పని. మీ వెనక వచ్చే చెల్లెకు ఒక ఇంటర్వ్యూ.