అద్దినవాళ్ల పేరేది?

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం సేకరణను ఇంట్లో కూర్చుని చూస్తుంటే సంతోషమెంతో, మంట అంత. పద్దెనిమిదో శతాబ్దపు పూల అద్దకం దుస్తులు, దుప్పట్లు ఎన్నో ఉన్నాయి. చాలావాటి కింద ఒకటే మాట: కోరమాండల్ తీరం, చేసినవారు అజ్ఞాతులు.

ఫొటోలు మాత్రం అద్భుతం. పెద్దవి చేసుకుంటూ పోతే రెమ్మ చివర కలం ఒక్క క్షణం ఆగి రంగు చిక్కబడ్డ చోటు కూడా కనిపిస్తుంది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద కసిమితో గీసిన నల్లగీత, పటిక తగిలిన మేరకే పట్టిన చిరువేరు ఎరుపు. పైగా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. మన మ్యూజియాలు ఇలా తలుపులు తీసేదెప్పుడో!

అయినా పేరేది? 1605లో బందరులో వర్తకం మొదలుపెట్టిన డచ్ కంపెనీ రాయనిదంటూ లేదు. ఎన్ని తానులు, ఏ రకం, ఎంత ధర, అన్నీ రాసింది. పులికాటులో వాళ్లతో బేరాలు నడిపిన మలయ, ఆయన తమ్ముడు చిన్నన్న పేర్లు చరిత్రకెక్కాయి. ఓడల మీద పనిచేసినవాళ్ల జీతాల ఖాతాలను హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్ ఆన్‌లైన్‌లో పెట్టింది. నేనుంటున్న నెదర్లాండ్స్‌లో మా పక్కింటి పెద్దాయన తన పూర్వీకుడి పేరు కొడితే సొంతూరు, ఎక్కిన ఓడ, చివరికి ఏమయ్యాడో అన్నీ వచ్చేశాయి. మామూలు కళాసీకి కూడా పేరుంది. ఆ ఓడ నింపిన గుడ్డ అద్దినవాళ్లకు లేదు.

మనవాళ్లకు వంశాల లెక్క తెలియదని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. కోతలయ్యాక మా ఊరికి పిచ్చికుంట్లాయన వచ్చేవాడు. అరుగు మీద కూర్చుని గోత్రం ఎత్తుకుని, ముత్తాతల తాతల దాకా, వాళ్లు ఏ ఊరి నుంచి కదిలి వచ్చారో దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. చేతిలో చిన్న కాగితం ముక్కైనా ఉండేది కాదు. మా నాయనమ్మ చేటనిండా బియ్యం తెచ్చి పోసేది.

ఆ నాయనమ్మ పేరు గానీ, ఆమె అత్తగారి పేరు గానీ ఆయన వరసలో ఎప్పుడూ వినలేదు. ఇక్కడ నెదర్లాండ్స్‌లో 1811 నుంచి దాదాపు దేశమంతటా పుట్టుక రిజిస్టర్లలో తల్లిని పుట్టింటి పేరుతో సహా రాశారు. దీనికి నా దగ్గర జవాబు లేదు. అద్దకం గుడ్డను ఏట్లో జాడించి ఆరేసినవాళ్లలో ఆడవాళ్లు ఎందరో!

మొన్న మ్యూజియానికి ఉత్తరం రాశాను. కోరమాండల్ అని రాసి ఊరుకోకండి, శ్రీకాళహస్తి కలంపనివాళ్లను, పెడన అద్దకంవాళ్లను పిలిపించి ఆ గుడ్డలు దగ్గరగా చూపించండి, ఏ గీత ఎలాంటి చెయ్యి గీసిందో వాళ్లు చెబుతారు, చెప్పినవాళ్ల పేర్లైనా గుడ్డ పక్కన రాయండి అని. దారిఖర్చులు మ్యూజియమే పెట్టుకోవాలని కూడా రాశాను.