లేహ్‌లో మా బుల్లెట్టు శీతనిద్ర

లేహ్ పట్టణంలో అక్టోబరు మాసాంతం దాచుకొనే కాలం. సముద్రమట్టానికి 3,500 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్లో పాప్లర్ ఆకులు పసుపువన్నె తిరిగి రాలుతుంటే, ప్రతి ఇంటి మిద్దె మీదా ఎండుగడ్డి పేరుకుంటుంది. ముల్లంగి, బంగాళాదుంపలు పెరటి గోతుల్లో మట్టి కిందికి చేరుతాయి. మరికొన్ని వారాలకు మనాలీ మార్గంలోని ఎత్తయిన కనుమలు మంచుతో మూతపడతాయి.

ఉద్యోగరీత్యా మేమిద్దరం అక్కడ ఉన్న రోజుల్లో, నవంబరు రాగానే విమానమెక్కి దక్షిణాదికి వచ్చేవాళ్లం. మా పాత బుల్లెట్టు మాత్రం అక్కడే ఉండిపోయేది.

2016లో బండిని కడిగి, తడి ఆరకముందే ప్లాస్టిక్ పట్టా కప్పి, తాళం వేసి వచ్చేశాము. మే నెలలో వెళ్లి చూస్తే బ్యాటరీ పగిలి ఉంది. గొలుసు తుప్పు పట్టింది. కార్బురేటరులో పెట్రోలు ఆవిరై జిగురు మిగిలింది. ఇంటి యజమానురాలిని అక్కడి మర్యాద ప్రకారం 'ఆమలే' అని పిలిచేవాళ్లం. ఆమె చూసి, "పశువునైతే ఇలా కట్టేసి పోతారా?" అని అడిగారు. మా వద్ద సమాధానం లేదు.

2017లో ఆ తప్పు జరగనివ్వలేదు. వాడిన ఆయిలులో చేరే ఆమ్లాలు ఇంజను భాగాలను తినివేస్తాయి గనుక, ముందుగా కొత్త ఆయిలు పోశాము. లోపల చెమ్మకు చోటు లేకుండా ట్యాంకు నింపాము. తరువాత పెట్రోలు కుళాయి మూసి, కార్బురేటరు ఖాళీ అయి ఇంజను తానే ఆగేవరకు నడిపాము. స్పార్కు ప్లగ్గు విప్పి, చెంచాడు ఆయిలు పోసి, కిక్కును నెమ్మదిగా అయిదారుసార్లు తొక్కి, ప్లగ్గు మళ్లీ బిగించాము. గొలుసుకు నూనె పట్టించాము. ఎలుకలు దూరకుండా సైలెన్సరు మూతికి గుడ్డ కుక్కాము. టైర్లు నేలకు ఆనకుండా స్టాండు కింద చెక్కలు పెట్టాము.

బ్యాటరీ సంగతి వేరు. ఛార్జి పూర్తిగా దిగిపోయిన బ్యాటరీలోని ద్రవం మైనస్ 10 డిగ్రీల దరిదాపుల్లోనే గడ్డకడుతుంది. నిండుగా ఛార్జి ఉన్నది అంతకంటే ఎంతో తీవ్రమైన చలికి కూడా తట్టుకుంటుంది. లేహ్‌లో జనవరి రాత్రులు మైనస్ 20కి దిగడం వింత కాదు. అందుచేత దానిని విప్పి, పొయ్యికి దూరంగా ఆమలే వంటింటి మూలన ఉంచాము. నెలకొకసారి ఛార్జి చేయించే బాధ్యత ఆమె కుమారుడు తీసుకున్నాడు.

పెట్రోలు నిండిన బండి గనుక గడ్డి కొట్టంలో కాక, కింది ఖాళీ గదిలో నిలిపి నూలు దుప్పటి కప్పాము. "సైలెన్సరులో గుడ్డ ఉంది" అని రాసిన చీటీ హ్యాండిలుకు కట్టాము. మరచిపోయేది మేమే కదా!

2018 మే నెలలో ఆ చీటీ చదివి, గుడ్డ లాగి, బ్యాటరీ బిగించాము. నాలుగో కిక్కుకు ఇంజను పలికింది. ఆ చప్పుడుకు ఆమలే బయటికి వచ్చి "జూలే" అని నవ్వారు. ఆమె చేతిలో అప్పుడే గోతిలోంచి తీసిన ముల్లంగి దుంపలున్నాయి.