విజిల్ వేరు... వాల్వ్ వేరు!

మా అమ్మ పోపుల పెట్టెలో ఆవాలు, జీలకర్ర, మెంతులతో పాటు ఇంకో వస్తువు కూడా ఉంటుంది. కుక్కర్ సేఫ్టీ వాల్వ్. కొత్తది, కవరు కూడా విప్పనిది. మూతకున్నది పాతబడగానే తీసేసి దీన్ని బిగిస్తుంది. వెంటనే బజారు నుంచి ఇంకోటి తెప్పించి పెట్టెలో వేస్తుంది. చూసినవాళ్లు నవ్వుతారు. మేం మాత్రం నవ్వం.

నాకప్పుడు పదకొండేళ్లు. మా కుక్కర్ సేఫ్టీ వాల్వ్ పాడై ఊరికే ఆవిరి వదిలేస్తుండేది. పప్పు ఉడికేది కాదు. కొత్తది కావాలంటే కాకినాడ వెళ్లాలి. ఆ మాత్రం దానికి బస్సెక్కడం ఎందుకని నాన్న సైకిల్ షాపు నుంచి ఓ బోల్టు తెచ్చి ఆ కన్నంలో బిగించేశారు. ఆరు నెలలు ఏ ఇబ్బందీ లేదు. విజిల్ వస్తోంది, పప్పు ఉడుకుతోంది. ఇంకేం కావాలి?

ఓ ఆదివారం పొద్దున కందిపప్పు పొట్టు వెళ్లి విజిల్ గొట్టానికి అడ్డం పడింది. నేను వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. ఒక్కసారిగా పెద్ద చప్పుడు. మూత ఎగిరి పెంకుల కప్పుకి తగిలింది. వేడి పప్పు నా ఎడమచేతి మీద పడింది. రూపాయి బిళ్లంత మచ్చ ఇప్పటికీ ఉంది. నాన్న ఆ రోజు అన్నం ముట్టలేదు.

వాకిట్లో గోళీలాడుకుంటూ ఆ చప్పుడుకి పరిగెత్తుకొచ్చిన ఆరేళ్ల తమ్ముడు ఇప్పుడు ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరు. ఉద్యోగం సముద్రం మధ్యలో, ఆయిల్ ప్లాట్‌ఫామ్ మీద. పద్నాలుగు రోజులు అక్కడ, పద్నాలుగు రోజులు ఇంట్లో.

ఆ ఉద్యోగం వచ్చిందని చెబితే అమ్మ సంతోషించలేదు. 2005 జూలై 27న బాంబే హైలో జరిగిన ప్రమాదాన్ని ఆవిడ టీవీలో చూసింది. ఓడలో వంటవాడి వేళ్లు తెగితే, వైద్యం కోసం అతన్ని ప్లాట్‌ఫామ్ మీదికి చేర్చబోయారు. ఆ ఓడ వెళ్లి ప్లాట్‌ఫామ్ పక్కనున్న గ్యాస్ గొట్టానికి గుద్దుకుంది. మంటలు లేచాయి. 22 మంది పోయారు. ‘‘అలాంటి చోట నువ్వేం చేస్తావురా?’’ అంది.

తమ్ముడు లేచి వెళ్లి కుక్కర్ మూత తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

‘‘ఇదిగోనమ్మా, విజిల్. రోజూ ఆవిరిని అదుపులో పెట్టేది ఇది. అక్కడ దాన్ని కంట్రోల్ సిస్టమ్ అంటారు. ఇదేమో సేఫ్టీ వాల్వ్. విజిల్ మొరాయించిన రోజున కాపాడేది. అక్కడా అలాంటిదే ఇంకో సిస్టమ్ ఉంటుంది. ఈ రెండింటినీ కలపడమే నా పని. కలిపీ కలపనట్టు కలపాలి.’’

అదేమిటో నాకూ అప్పుడే తెలిసింది. సముద్రం అడుగు నుంచి వచ్చే చమురు, గ్యాస్, నీళ్లు పెద్ద ట్యాంకులో విడిపోతాయి. అందులో ఒత్తిడి ఎంత, మట్టం ఎంత అని క్షణక్షణం చూస్తూ, వాల్వుల్ని కొంచెం తెరుస్తూ కొంచెం మూస్తూ నడిపించేది కంట్రోల్ సిస్టమ్. ఒత్తిడి హద్దు దాటినా, గ్యాస్ లీకైనా, మంట కనబడినా అన్నీ మూసేసి ఆపేది సేఫ్టీ సిస్టమ్. రెండూ ఒకే స్క్రీన్ మీద కనబడాలి. లేకపోతే ఆపరేటర్ ఎటు చూడాలో తెలీక గాబరా పడతాడు. కానీ ఒకటి చెడితే రెండోది చెడకూడదు. అందుకే దాని సెన్సర్లు దానివి, దీని సెన్సర్లు దీనివి. ముఖ్యమైన చోట మూడేసి పెడతారు. మూడింట్లో రెండు ‘ప్రమాదం’ అంటే చాలు, ఆగిపోతుంది. పైపుల్ని మూసే వాల్వుల్లో బలమైన స్ప్రింగు ఉంటుంది. గాలి ఒత్తిడితోనో, నూనె ఒత్తిడితోనో దాన్ని తెరిచి పట్టుకుంటారు. ఆ ఒత్తిడి పోతే స్ప్రింగే వాల్వును మూసేస్తుంది. అంటే ఆ ఏర్పాటే చెడిపోయినా, చెడటం మూతపడేవైపే!

‘‘మరింకేం భయం?’’ అన్నాను.

‘‘బోల్టు, అక్కా’’ అన్నాడు.

అప్పుడు చెప్పాడు పైపర్ ఆల్ఫా గురించి. స్కాట్లాండ్ దగ్గర, నార్త్ సీలో ఉండేది ఆ ప్లాట్‌ఫామ్. 1988 జూలై 6న అక్కడ ఓ పంపుకి సంబంధించిన సేఫ్టీ వాల్వుని తనిఖీ కోసం తీశారు. ఆ చోట ఇనుప బిళ్ల బిగించారు. సాయంత్రానికి పని పూర్తి కాలేదు. రాత్రి రెండో పంపు ఆగిపోయింది. మొదటి పంపుకి వాల్వ్ లేదన్న కాగితం రాత్రి షిఫ్టు వాళ్ల కంట పడలేదు. దాన్ని ఆన్ చేశారు. ఆ బిళ్ల దగ్గర లీకై పేలింది. సముద్రంలో దిగే డైవర్లను లాగేయకుండా ఫైర్ పంపుల్ని ఆటోమేటిక్ నుంచి తప్పించి ఉంచారు. అవి వాటంతటవి నడవలేదు. పక్క ప్లాట్‌ఫామ్‌లు వెంటనే ఆగక, ఇటువైపు చమురు పంపుతూనే ఉన్నాయి. 167 మంది చనిపోయారు. లార్డ్ కల్లెన్ విచారణ జరిపి 1990లో 106 సిఫార్సులు చేశారు.

వింటూంటే నా చెయ్యి చురుక్కుమంది. వాళ్లు పెట్టిన బిళ్లకీ, మా నాన్న పెట్టిన బోల్టుకీ ఏమిటి తేడా? రెండూ చెడ్డ ఉద్దేశంతో పెట్టినవి కావు. ఒకటి పని కోసం, ఒకటి పప్పు కోసం.

కిందటేడు వానాకాలంలో తమ్ముడు ఇంటికొచ్చి రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోరోజు చెప్పాడు. డ్యూటీలో ఉండగా ఓ మూల రెండు డిటెక్టర్లు గ్యాస్ ఉందన్నాయి. ప్లాట్‌ఫామ్ ఆగిపోయింది. ‘వర్షానికి అలా చూపిస్తాయిలే, ఓ గంట బైపాస్ చేసి నడిపించు’ అన్నాడు పై ఆఫీసరు. రాతపూర్వకంగా ఇవ్వండి, మనిషి మీటరుతో వెళ్లి చూసొచ్చాకే చేస్తానన్నాడు వీడు. ఆ వాదనలో, తనిఖీలో నాలుగు గంటలు పోయాయి. చివరికి తేలిందేమిటి? డిటెక్టర్ల అద్దాల మీద చెమ్మ. గ్యాస్ లేదు.

‘‘ఆ నాలుగు గంటల నష్టం నా పేరు మీద రాశారక్కా. ఆయన చెప్పిందే నిజమైంది.’’

ఏమనాలో నాకు తోచలేదు. నిజంగా లీకై ఉంటే వీడు హీరో. కాలేదు కాబట్టి మొండివాడు. ప్రమాదం జరగకపోతే, జాగ్రత్తపడినవాడి దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. మా బోల్టు కూడా ఆరు నెలల పాటు నాన్నదే రైటనిపించింది కదా!

వంటింట్లోంచి అమ్మ అంతా వింటోంది. కంచంలో అన్నం పెట్టుకొచ్చి వాడి ముందుంచింది.

‘‘ఆ రోజు ఎవరికైనా ఏమైనా అయిందా?’’

‘‘లేదమ్మా.’’

‘‘మళ్లీ ఆ దీపాలు వెలిగితే ఏం చేస్తావు?’’

వాడు కాసేపు ఆలోచించాడు. ‘‘ఆపుతాను’’ అన్నాడు.

‘‘అయితే తిను’’ అంది అమ్మ, ముద్దపప్పు మీద నెయ్యి వేస్తూ.