ఏ ఎండ ఇష్టం?

మొన్న ఏప్రిల్‌లో ఒంటిపూట బడి అయిపోయినంక స్టాఫ్‌రూంలో ఎండల ముచ్చట పడ్డది. ఒక సారు, "హైదరాబాద్ ఎండ ఎంతున్నా నయమే. విజయవాడ ఉక్కపోతలో ఒక్కరోజు ఉండలేం" అన్నడు. ఇంకొకాయన సముద్రపు గాలిని మెచ్చుకున్నడు. నా వైపు తిరిగి, "మీకు ఏ ఎండ ఇష్టం సార్?" అన్నరు. నవ్వి ఊకున్న. ఆ మాట లాలాపేటలోని మా ఇంటిదాకా నా వెంటే వచ్చింది.

ఎండల్లో కూడా నచ్చినదాన్ని ఎంచుకోవచ్చని చిన్నప్పుడు నాకు తెల్వదు.

మాది నల్లగొండ దిక్కు ఒక మాదిగ గూడెం. వానలు పడని ఏడు, సంక్రాంతి దాటంగనే అమ్మ నన్ను వెంటబెట్టుకొని మిరపకాయలు ఏరనీకి గుంటూరు దిక్కు పోయేది. లారీ ఎక్కినోళ్ళంతా మావోళ్ళే. మా ఊరి ఎండ నెత్తి మాడ్చేది గానీ చెట్టు కిందికి చేరితే చెమట ఆరేది. అక్కడ అట్ల కాదు. నీడకు కూసున్నా ఒళ్ళంతా జిడ్డే. కారం అంటిన చేతుల్తో చెమట తుడుసుకుంటే కండ్లల్ల నిప్పులు పోసినట్టుండేది. రాత్రి గుడిసెలో అమ్మ మండే చేతుల్ని నీళ్ళల్ల పెట్టుకొని కూసునేది.

దూపయితే రైతు ఇంటి ముందు నిలబడాలె. ఇంటామె చెంబెత్తి పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగాలె. గొంతులోకి పోయిన నీళ్ళకన్నా మోచేతుల మీంచి కారిపోయినవే ఎక్కువ. అరుగు మీద కుండ చెమ్మతో మెరుస్తుండేది. దాన్ని ఒక్కసారి ముట్టుకోవాలని నాకు ఎంత ఆశగా ఉండేదో!

ఇప్పుడు నేను పిల్లలకు బాష్పీభవనం పాఠం చెప్తున్న. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకపోతది. కుండకున్న సన్నటి రంధ్రాల్లోంచి ఊరిన నీరు ఆరితేనే లోపలి నీళ్ళు సల్లబడతయి. మన ఒళ్ళూ అంతే. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒంట్లో వేడి ఒంట్లనే ఉంటది. హైదరాబాద్ సముద్రానికి దూరంగా, దక్కన్ పీఠభూమి మీద 500 మీటర్లకు పైన ఎత్తులో ఉంది. అందుకే ఇక్కడ మే నెలలో 40 డిగ్రీలు దాటినా చెమట ఆరుతది, కూలర్ పనిచేస్తది. బందరులో, విశాఖలో అంతకన్నా తక్కువ డిగ్రీలకే ఊపిరాడదు. పాఠం చెప్తున్నంతసేపు ఒకటే గుర్తొస్తది. కుండకు చెమట పడితే ఆ నీళ్ళు అమృతం. మా అమ్మకు చెమట పడితే అంటు.

ఉస్మానియాలో చదవనీకి వచ్చినంక, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ రాతి వరండాల్లో మిట్టమధ్యాహ్నం పుస్తకం పట్టుకొని కూసునేవాణ్ణి. ఎవర్నీ అడగకుండ నీడలో కూసున్నది నా బతుకులో అక్కడే మొదలు. చదువయినంక గది కోసం తార్నాక చౌరస్తా నుంచి లాలాపేట దాకా గల్లీ గల్లీ తిరిగిన. ఒక ఇంటాయన కింది గది చూపించి, ఫ్యాన్ కూడా వేసి, "మీరేమోళ్ళు?" అన్నడు. చెప్పిన. ఆ గది ఎవరికో మాటిచ్చినట్టు ఆయనకు అప్పుడే యాదికొచ్చింది. చివరికి ఇంకోచోట మేడ మీద రేకుల గది దొరికింది. నీడకు కూడా కులముంటదని పట్నంలో తెలుసుకున్న.

2015 మే వడగాడ్పులప్పుడు ఆ రేకుల కిందనే ఉన్న. దేశంలో 2 వేల మందికి పైగా చనిపోతే ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలోళ్ళే. అందులో కూలీలు, ముసలోళ్ళే ఎక్కువ. వాళ్ళను ఏ ఎండ ఇష్టమని ఎవరడిగిండ్రు? అప్పుడు అమ్మ ఉపాధిహామీ పనిలో మట్టి తవ్వుతున్నది. ఫోన్ చేసి "పోకే అమ్మా" అంటే, "ఎండకు భయపడితే పొయ్యి మండుతదా బిడ్డా" అన్నది.

1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువులో దిగి, తన చేత్తో నీళ్ళు తీసుకొని తాగిండు. అది తనంతట తాను ముంచుకున్న దోసిలి. మాది ఒకరు పోస్తే పట్టిన దోసిలి. రెండు దోసిళ్ళ నడుమ ఉన్న దూరం మా ఇంట్ల ఇంకా తీరలేదు.

పోయిన ఎండాకాలం అమ్మ నా దగ్గరికి వచ్చింది. తార్నాకలో బస్సు దిగి చలివేంద్రం దగ్గర ఆగినం. అక్కడి పిల్లగాడు గ్లాసు ముంచి ఇయ్యబోయిండు. అమ్మ గ్లాసు అందుకోలె. ముందుకు వంగి దోసిలి పట్టింది. పిల్లగాడికి అర్థం కాలె. నాకయ్యింది. గ్లాసు తీసుకొని అమ్మ చేతుల పెట్టిన. ఆమె అటూ ఇటూ చూసింది. తాగింది. మెల్లగ కుండకు అరచెయ్యి ఆనించి, "సల్లగుందిరా" అన్నది.

స్టాఫ్‌రూంలో మళ్ళీ అడిగితే ఈసారి జవాబు చెప్త. నాకు చెమట ఆరే ఎండే ఇష్టం సార్. ఆ ఎండలో కుండ సల్లగుంటది. ఆ కుండను మా అమ్మ ముట్టుకోవాలె.